డ్రాయింగ్ సార్

డ్రాయింగ్ సార్ సర్కారు బడిలో కనిపించే ఉపాధ్యాయుల్లో ఒక రకం. కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతాల్లో ఇతన్ని జేబు చూసి గుర్తుపడతారు. తక్కిన సార్ల జేబులో పెన్ను ఉంటుంది. ఇతని జేబులో బ్లేడుతో చెక్కిన టూబీ పెన్సిల్, దాని మొన చేసిన నల్లటి మరక ఉంటాయి. షార్పనర్ అంటే గిట్టదు. సగం విద్య పెన్సిల్ చెక్కడంలోనే ఉందని ఇతని నమ్మకం. మిగతా సగం రబ్బరు జోలికి పోకపోవడంలో ఉంది.

లోయర్, హయ్యర్ డ్రాయింగ్ పరీక్షలు గట్టెక్కి, మండుటెండల్లో 42 రోజుల టీటీసీ శిక్షణ పూర్తి చేస్తే ఈ రకం తయారవుతుంది. తయారయ్యాక వారానికో పీరియడ్ దొరుకుతుంది, సంక్రాంతి దాటగానే దాన్ని లెక్కల సార్ అడిగి తీసుకుంటాడు. లెక్కల సార్‌ను తప్పుపట్టడానికీ లేదు: పదో తరగతి పబ్లిక్ పరీక్షల్లో డ్రాయింగ్ పేపర్ ఉండదు.

పీరియడ్ పోయినా పని మాత్రం పోదు. సర్టిఫికెట్ల మీద పేర్లు, జనవరి 26 ముగ్గు, పదవీ విరమణ సన్మానపత్రం, మూత్రశాల మీద బాణం గుర్తు, అన్నీ ఇతనివే. 2016 అక్టోబర్ 11న నిజామాబాద్ నుంచి కామారెడ్డి జిల్లా విడిపోయినప్పుడు ఊరంతా పటాకులు కాల్చింది. ఇతను మాత్రం గోడ మీది పాత జిల్లా పటం వైపు చూసి, సున్నం బకెట్ కోసం మనిషిని పంపాడు.

ఇతని జీవితకాల శత్రువు ఒక బొమ్మ. రెండు కొండలు, నడుమ సూర్యుడు, ఓ ఇల్లు, ఓ కాలువ, పక్కన కొబ్బరిచెట్టు. ఎల్లారెడ్డి పిల్లవాడు బడికొచ్చే దారిలో వరిమడులు, ఈతచెట్లు, తాటిచెట్లు, బర్రెలు చూస్తాడు. కాగితం ముందుకు రాగానే అవన్నీ మాయమై కొబ్బరిచెట్టు మొలుస్తుంది.

"కొబ్బరిచెట్టు ఏడ చూసినవ్‌రా?"

"నోట్‌బుక్ అట్ట మీద సార్."

తెలిసింది గియ్యకు, కనపడింది గియ్యి అనేది ఇతని మొత్తం బోధన. చెప్పినంత తేలిక కాదు. మెట్లన్నీ ఒకే కొలత అని పిల్లలకు తెలుసు కాబట్టి ఒకే కొలతతో గీస్తారు. అందుకే లింగంపేటలోని నాగన్న బావి గట్టున కూర్చోబెట్టి, కిందికి దిగేకొద్దీ మెట్లు ఎట్లా కురచవుతాయో చూపిస్తాడు. కామారెడ్డి స్టేషన్‌లోనైతే ప్లాట్‌ఫాం చివర నిలబెట్టి, రెండు పట్టాలు దూరాన కలిసేచోటే వ్యానిషింగ్ పాయింట్ అంటాడు. ఆ పాయింట్ నుంచి రైలు ఎట్లా వస్తుందని ఎవరో ఒకరు తప్పక అడుగుతారు.

ముఖం దగ్గర మరో చిక్కు. పిల్లలు కళ్లను నుదుటి మీద పెడతారు. నిజానికి నడినెత్తికీ గడ్డానికీ సరిగ్గా మధ్యలో ఉంటాయి కళ్లు. దీన్ని రుజువు చేయడానికి చెయ్యి చాచి, పెన్సిల్ నిలువుగా పట్టి, ఒక కన్ను మూసి కొలవమంటాడు. అదే సమయంలో వరండాలో నడిచొచ్చే హెడ్‌మాస్టర్‌కు నలభైమంది కలిసి కన్ను కొడుతున్నట్టు కనిపిస్తుంది.

మోడల్ డ్రాయింగ్‌కు కుండ, చెంబు, అరటిపండు వాడతారు. గుండ్రటి కుండ మూతి పక్కనుంచి చూస్తే ఎందుకు కోలగా కనబడుతుందో వివరించేలోపు అరటిపండు ఉండదు. అందుచేత అనుభవజ్ఞులు వంకాయకు మారారు. పచ్చి వంకాయను ఎవరూ తినరు. పైగా దాని నున్నటి తోలు మీద వెలుగు పడేచోటు స్పష్టంగా తెలిసి షేడింగ్‌కు బాగా పనికొస్తుంది.

డ్రాయింగ్‌తో ఏమొస్తుందని తల్లిదండ్రులు అడిగితే సిద్దిపేట కాపు రాజయ్య (1925–2012) పేరు చెబుతాడు. ఆయనా డ్రాయింగ్ టీచరే, బోనాలూ బతుకమ్మలూ గీసి దేశమంతా పేరు తెచ్చుకున్నాడు. మెదక్ జిల్లా నిజాంపూర్‌లో పుట్టిన చిత్రకారుడు లక్ష్మా గౌడ్ మేకలను గీసిన సంగతి కూడా చెబుతాడు. తల్లిదండ్రులు మేక ధర గురించి మాట్లాడి వెళ్లిపోతారు.

బడి గోడకు కొత్తగా రంగులేయించినప్పుడు హెడ్‌మాస్టర్ మంచి సీనరీ ఒకటి కావాలంటాడు. నిజాంసాగర్ ప్రాజెక్టు గేట్లు గీస్తానని ఇతను అంటాడు. "గేట్లెందుకు సార్, కలర్‌ఫుల్‌గ ఉండాలె" అని హెడ్‌మాస్టర్ అంటాడు. రెండ్రోజుల్లో గోడ మీద రెండు కొండలు లేస్తాయి. నడుమ సూర్యుడు, పక్కన కొబ్బరిచెట్టు. మూడోరోజు నాలుగో తరగతి పిల్లలు నోట్‌బుక్కులు పట్టుకుని దాని ముందు కూర్చుంటారు, ఒక కన్ను మూసి, పెన్సిల్‌తో కొలుస్తూ.