దెయ్యం లోడ్ అవుతోంది, కాస్త ఆగండి

మాక్ కొన్నవాళ్లలో ఒక తెగ ఉంది. విండోస్ అంటే పగలంతా ముక్కు విరిచి, చీకటి పడగానే అదే విండోస్ ఆటను దొడ్డిదారిన ఇంట్లోకి తెచ్చుకుంటారు. ఏ రేసింగ్ ఆటో అయితే పోనీ అనుకోవచ్చు. వీళ్లకు సర్వైవల్ హారరే కావాలి. పైగా "ఇప్పుడు మాక్‌లో అన్నీ ఆడతాయి బ్రో" అని ప్రవచనం.

ఆడతాయి, ఎవరు కాదన్నారు? 2020లో ఎం1 చిప్‌తో వచ్చిన మాక్‌లలో బూట్ క్యాంప్ లేదు. విండోస్‌ను నేరుగా ఎక్కించుకునే దారి మూసేశారు. కాబట్టి ఇంటెల్ తరహా చిప్‌ల కోసం రాసిన కోడ్‌ను ఆపిల్ వారి రోసెట్టా తిరగరాయాలి. విండోస్‌ను అడిగే ప్రతి పనీ వైన్ అనే ప్రోగ్రామ్ చేసిపెట్టాలి. విండోస్ బొమ్మలు గీసే డైరెక్ట్‌ఎక్స్ పనిని డీ3డీమెటల్ అనేది, మాక్‌లో బొమ్మలు గీసే మెటల్‌కు అప్పజెప్పాలి. సైలెంట్ హిల్ 2 రీమేక్‌లోని రాక్షసి మీదాకా రావాలంటే, పింఛను ఫైలులా ఇన్ని బల్లల మీద సంతకాలు పడాలి.

అసలు వినోదం ఇక్కడే. కొత్త షేడర్, అంటే తెరమీద బొమ్మకు రంగూ వెలుగూ అద్దే చిట్టి ప్రోగ్రామ్, తగిలిన ప్రతిసారీ దాన్ని అప్పటికప్పుడు మార్చుకోవాలి, ఆ కాసేపూ తెర బిగుసుకుపోతుంది. హారర్ ఆటలో కొత్తది కనిపించేదెప్పుడు? తలుపు బద్దలుకొట్టుకుని ఏదో మీద పడేటప్పుడే కదా! నోరు తెరిచింది తెరిచినట్టే ఆగిపోతుంది పాపం. పళ్లు లెక్కపెట్టుకునేంత తీరిక దొరుకుతుంది. భయం మాట దేవుడెరుగు, జాలేస్తుంది.

ఈ ఆటల ప్రాణమంతా కరువులో ఉంది: తూటాలు చాలవు, సంచీలో చోటు చాలదు. 256 జీబీ మాక్‌లో ఆ కరువు ఆట మొదలవకముందే వచ్చేస్తుంది. చెల్లెలి పెళ్లి వీడియో తీసేయాలా, ఆఫీసు ఫైళ్లా? ఇంతకంటే ఒళ్లు జలదరించే సన్నివేశం ఏ స్టూడియో రాయగలదు?

క్యాప్‌కామ్ రెసిడెంట్ ఈవిల్ విలేజ్‌ను 2022లో, రెసిడెంట్ ఈవిల్ 4 రీమేక్‌ను 2023లో మాక్ కోసమే తయారుచేసి ఇచ్చింది. అవి వీళ్లకు ఆనవు. నొక్కగానే తెరుచుకునేదాంట్లో ఘనత ఏముంది? 2023లోనే ఆపిల్ గేమ్ పోర్టింగ్ టూల్‌కిట్ ఇచ్చింది. అది ఆటలు తయారుచేసేవాళ్లు తమ సరుకు మాక్‌లో ఎలా నడుస్తుందో చూసుకోవడానికి. మనవాళ్లు దాన్ని ప్రసాదంలా కళ్లకద్దుకుని, ఆడటం కంటే సెట్టింగులు మార్చడంలోనే తెల్లవార్లూ గడుపుతున్నారు.

రోసెట్టా పూర్తిగా ఉండేది మాక్‌ఓఎస్ 27 దాకానేనని, ఆపైన కొన్ని పాత ఆటల కోసం కొంత భాగమే మిగులుతుందని 2025లో ఆపిల్ చెప్పింది. ఆ మాట ఒక భక్తుడి చెవిన వేశాను. "ఏం పర్లేదు, అప్‌డేట్ చేయకుండా ఉంటే సరి" అన్నాడు.