తెల్ల కాకికి బహిరంగ లేఖ

అయ్యా సీగల్ గారూ,

తెల్లవారుజామున నాలుగు గంటలకు రాస్తున్నాను. నిద్ర లేపింది నువ్వే కాబట్టి మర్యాద ఈ పలకరింపుతో సరి.

జూన్‌లో ఈ గోథెన్‌బర్గ్‌లో నాలుగుంబావు దాటకుండానే పొద్దు పొడుస్తుంది. సూర్యుడికన్నా అరగంట ముందే నువ్వు డ్యూటీ ఎక్కుతావు. మొదట కుక్క మొరిగినట్టు మూడు అరుపులు. తర్వాత మెడ వెనక్కి విరిచి, ముక్కు ఆకాశానికి ఎత్తి, ఎవరో గొంతు పిసుకుతున్నట్టు ఒక పొడుగాటి కేక. దానికి ఎదురు మేడ మీద నుంచి మీ వియ్యంకుడి జవాబు. ఇక మా ఇంట్లో అలారం ఎందుకు?

నేను ఈ ఇంట్లో దిగింది పోయినేడు ఫిబ్రవరిలో. ఈ ఊళ్ళో సొంత పేరు మీద అద్దె ఇల్లు కావాలంటే క్యూలో ఏళ్ళకేళ్ళు ఉండాలి. నాలాంటి కొత్తవాళ్ళకు దిక్కు ‘సెకండ్ హ్యాండ్’ కాంట్రాక్టు, అంటే అద్దెకున్నవాడి దగ్గర అద్దెకుండటం. హీసింగెన్ దీవి, ఆఖరి అంతస్తు, నది కనబడుతుంది, ప్రశాంతంగా ఉంటుంది అన్నాడు ఇల్లిచ్చినాయన. ఆయన అబద్ధమాడలేదు. ఫిబ్రవరిలో నువ్వు లేవు. మార్చి నెలాఖరున పెళ్ళాంతో సహా దిగావు. మా డాబా మీద గులకరాళ్ళు పరిచి ఉంటాయి. నీ లెక్కలో అది నక్కలు రాని లంక.

ఇంటివాళ్ళకు ఫిర్యాదు చేశాను. గుడ్లు పెట్టాక గూడు ముట్టుకోకూడదన్నారు. ఆఫీసులో కాఫీ దగ్గర చెప్పుకుంటే, “ఆగస్టులో వెళ్ళిపోతాయిలే” అన్నారు. చలికాలపు చీకటి గురించి అడిగినా, ఇంటి క్యూ గురించి అడిగినా వీళ్ళ దగ్గర ఒకటే మందు: ఓపిక పట్టు.

నాకు ఓపిక లేక ప్లాస్టిక్ గుడ్లగూబను కొని బాల్కనీలో కట్టాను. మూడో రోజుకల్లా దాని నెత్తిన ఒంటికాలి మీద నిలబడి ఈకలు దువ్వుకుంటున్నావు. నిన్ను దగ్గరగా చూసింది అప్పుడే, అద్దానికి ఇవతల నుంచి. గులాబీ రంగు కాళ్ళు, లేత పసుపు కళ్ళు, కింది ముక్కు కొసన కుంకుమ బొట్టంత ఎర్ర మచ్చ. పిల్లలు ఆ మచ్చను పొడిస్తే నువ్వు తిన్నది కక్కి పెడతావట. ఆ బొట్టు మీద ప్రయోగాలు చేసిన నికో టిన్‌బెర్గెన్ అనే శాస్త్రవేత్త 1973లో నోబెల్ పంచుకున్నాడు. ఆయన ఇల్లు ఏ అంతస్తులో ఉండేదో మరి.

పిల్లలు డాబా దిగే రోజుల్లో మనుషుల నెత్తి మీదికి దూసుకొస్తావు. చెత్త పారేయడానికి ఎర్రటి ఎండలో గొడుగేసుకుని వెళ్ళేవాణ్ణి. పక్కింటి పెద్దావిడ నవ్వి మొదటిసారి “హేయ్” అంది. ఆ ఒక్కటీ నీ ఖాతాలో జమ వేస్తున్నాను.

ఇవన్నీ మరిచిపోగలను. అసలు నేరం వేరే ఉంది.

మా నాన్న విశాఖపట్నం హిందుస్థాన్ షిప్‌యార్డులో వెల్డరు. 1948లో నెహ్రూ ‘జల ఉష’ను నీళ్ళలోకి దించింది ఆ యార్డులోనే. నాన్నకు అదేదో సొంతింటి పెళ్ళి కబురు, తాను పుట్టకముందుదైనా చూసినట్టే చెప్పేవాడు. నేను పనిచేసే లిండ్‌హోల్మెన్‌లోనూ ఒకప్పుడు ఓడలే కట్టేవారు. 1970ల్లో మొదలైన సంక్షోభంలో ఈ ఒడ్డున యార్డులు ఒక్కొక్కటే మూతపడ్డాయి. ఎరిక్స్‌బెర్గ్ దగ్గర పెద్ద నారింజ రంగు క్రేను మాత్రం మిగిలింది. ఓడలు కట్టినచోట మేము కార్లకు ప్రోగ్రాములు రాస్తున్నాం. నాన్న ఉంటే రోజూ ఆ క్రేను కిందే నిలబడేవాడు.

పోయిన జూన్‌లో ఆయన సంవత్సరీకం వచ్చింది. విశాఖలో మా మల్కాపురంలో అయితే అమ్మ అన్నం ముద్ద, ఆయనకిష్టమైన కానాగంతల పులుసు ఆకులో పెట్టి డాబా మీద ఉంచేది. కాకి ముట్టాకే మేం తినాలి. ఇక్కడ చేపల బజారు ఒకటుంది. 1874లో కట్టారు, అచ్చం చర్చిలా ఉంటుంది, దాన్ని చేపల చర్చి అనే పిలుస్తారు. అక్కడ మాక్రిల్ కొన్నాను. మన కానాగంతకు పెదనాన్న కొడుకు. చింతపండు పోసి పులుసు పెట్టి, అరిటాకు లేక పేపరు ప్లేటులో బాల్కనీ చివర ఉంచాను. విశాఖలో మిట్టమధ్యాహ్నం, ఇక్కడ ఎనిమిదిన్నర. ఫోన్లో అమ్మ.

నువ్వు దిగావు. పెద్ద ముక్క ఎంచుకుని, ఒకే గుటక.

“కాకి ముట్టిందా నాన్నా?”

ఫోను నీ వైపు తిరిగే ఉంది. “అదేంట్రా, తెల్లగా ఉంది?”

“ఇక్కడి కాకులు అలాగే ఉంటాయమ్మా.”

అమ్మ కాసేపు చూసి, “కాకులు కూడా తెల్లోళ్ళేనా” అంది. తర్వాత, “పోన్లే, మీ నాన్నా అంతే. అన్నం కన్నా ముందు ముక్కే తీసేవాడు” అని కొంగుతో ముఖం తుడుచుకుంది.

నువ్వు పోయాక అసలు కాకి వచ్చింది. మన కాకికి మెడ ఒక్కటే బూడిద రంగు, ఇక్కడి దానికి ఒళ్ళంతా బూడిద కోటు. బంతి లేచాక వచ్చిన చుట్టంలా రెయిలింగ్ మీద కూర్చుని, రెండు మెతుకులు ఏరుకుని వెళ్ళిపోయింది. ఆ సంగతి అమ్మకు చెప్పలేదు.

కాంట్రాక్టు ఇంకో ఏడాది పొడిగించుకున్నాను. మీరూ పాత గూటికే వచ్చారు. ఈ ఏడు తిథి వచ్చే బుధవారం. రెండు ప్లేట్లు పెడతాను. రెయిలింగ్ వైపుది నీది, అందులో ముక్కలు ఎక్కువే వేస్తాను. గోడ వైపుది కాకిది. దాని జోలికి రాకు.