తెర వేసే స్వామి

లైకా ఎం6 కెమెరా స్వామీ, నమస్కారం! 1984లో అవతరించావు. నిన్ను పొగడటానికి మాకు నోరు చాలదు. నీలోంచి చూడటానికి కళ్ళు చాలవన్నది వేరే సంగతి.

మీ తాతగారు ఎం3 ఉన్నాడే, 1954 నాటి మనిషి, వట్టి చాదస్తం. వ్యూఫైండర్ మధ్యలో అంచులు తేలిన చిన్న చదరం, అందులో రెండు బొమ్మలు. లెన్సు రింగు తిప్పితే రెండూ ఒకదాని మీద ఒకటి వచ్చి కూర్చుంటాయి. ఫోకస్ అయినట్టే. ఎండలోనైనా కిటికీకి ఎదురైనా అదే తీరు. పైగా 0.91 రెట్లు, అంటే దాదాపు మామూలు కంటికి కనిపించినంత. వెళ్ళినప్పుడల్లా దర్శనమిచ్చే దేవుడికి గిరాకీ ఏముంటుంది?

నీ దర్బారు వేరు. కిటికీలోంచి సాయంత్రపు వెలుతురు ఏటవాలుగా పడుతుంటుంది. పక్కన కూర్చున్న ముసలావిడ నవ్వబోతుంటుంది. సరిగ్గా అప్పుడే ఆ చదరం నిండా పాలు పోసినట్టు తెల్లటి తెర వేసేస్తావు. రెండు బొమ్మలూ మాయం. నైవేద్యం వేళేమో అనుకుని భక్తుడు కన్ను వెంట్రుకవాసి జరుపుతాడు, తల వంచుతాడు. తెర తొలిగేసరికి నవ్వు అయిపోతుంది. ఓర్పు నేర్పే గురువులు ఇంకెక్కడ దొరుకుతారు?

ఆ తెర వెనకున్న నీ పొదుపు మరీ ఆదర్శం. నీకంటే ముందు ఎం4-2 నాడే రేంజ్‌ఫైండర్‌లోంచి ఓ చిన్న కండెన్సర్ కటకాన్ని తీసేశారు. ఆ వంశాచారం నువ్వూ తప్పలేదు. వాకిలి తలుపు పీకేసి, గాలి బాగా వస్తోందని మురిసే గృహస్థుడు గుర్తొస్తాడు.

దాతృత్వంలోనూ నీకు సాటి లేదు. తాతగారి వ్యూఫైండర్‌లో లెన్సు ఫ్రేములు మూడే: 50, 90, 135 మి.మీ. నీ దగ్గర ఆరు, అవీ జంటలుగా. 50 లెన్సు పెట్టినవాడికి అడక్కుండానే 75 ఫ్రేము కూడా కొసరు.

అన్నిటినీ మించింది నీ మీటరు. ఎర్ర బాణాలు రెండూ సమానంగా వెలిగితే ఎక్స్‌పోజర్ సరిపోయినట్టే. తాతగారికి ఆ విద్యే రాదు. వెలుగెంతో లెక్కగట్టి చెప్పి, అదే వెలుగు ఎదురైతే కళ్ళు మూసుకునే పండితుణ్ణి నిన్నే చూశాం.

నీ భక్తులూ తక్కువవాళ్ళు కాదు. తెర పడకుండా నీ ముందువైపు మధ్య కిటికీకి వేలు అడ్డం పెడతారు, నల్ల టేపు ముక్క అతికిస్తారు. అంత అందగాడికి ఆ మాత్రం దిష్టిచుక్క ఉండొద్దూ!

2003లో లైకా ఎంపీ కెమెరా వచ్చి ఆ తెర తీసేసింది. 2022లో నీ పేరుతోనే మళ్ళీ వచ్చిన ఎం6 కూడా దాని దారే పట్టింది. పేరు మిగిలింది గానీ, పాపం, మహిమ పోయింది.

తాతగారా నువ్వా అని ఎవరైనా అడిగితే నేను తడుముకోను. కళ్ళతో చూసి నమ్మేవాళ్ళు తాతగారి దగ్గరికే వెళ్తారు. కళ్ళు మూసుకుని నమ్మేవాళ్ళకే నువ్వు. భక్తి అంటే అదే కదా స్వామీ!