బావమరిది బదులు రెండు పలకలు

మా పడవకు ఎడమవైపు వాలే గుణం ఉంది. కొన్నప్పుడే ఉంది. అమ్మినాయన చెప్పలేదు, నేను అడగలేదు. పాత పడవ కొనేవాడు ఇంజను ఎన్ని గంటలు తిరిగింది, వెనక చెక్క పుచ్చిందా, అడుగున పగుళ్లున్నాయా అని అడగాలట. నేను పాటలు వస్తాయా అని అడిగాను. రావు.

పడవంటే పాపికొండల లాంచీలాంటిది అనుకునేరు. ఇది 24 అడుగుల పొడవున్న స్పీడు బోటు. వెనక వీ8 ఇంజను. గట్టిగా తొక్కితే గంటకు 60 మైళ్లు దాటుతుంది. మేముండేది అమెరికాలో, అట్లాంటాకు ఉత్తరాన ఉన్న కమింగ్‌లో. ఊరి పేరే అది. మా అమ్మకు ఫోన్లో ఆ పేరు చెప్పిన ప్రతిసారీ "ఎప్పుడ్రా?" అంటుంది. తెలుగువాళ్లు బాగా ఉన్న ఊరు. పక్కనే లేక్ లేనియర్. చాటహూచీ నదికి బ్యూఫర్డ్ దగ్గర ఆనకట్ట కడితే 1950లలో నిండిన జలాశయం ఇది. సిడ్నీ లేనియర్ అనే కవి పేరు పెట్టారు. 1996 ఒలింపిక్స్ రోయింగ్ పోటీలు ఈ నీళ్లమీదే జరిగాయి. అంత ఘనమైన నీళ్లమీద నేను ఒక పక్కకు ఒరిగి, ఒంటి చెవికి దుద్దు బరువైన మనిషిలా తిరిగేవాణ్ని.

వాలడానికి కారణం దయ్యం కాదు, ప్రొపెల్లరు. వెనకనుంచి చూస్తే గడియారం ముల్లులా కుడికి తిరుగుతుంది. అది కుడికి తిరిగితే దాన్ని తిప్పుతున్న పడవ ఎడమకు ఒరగబోతుంది. డ్రైవరు సీటు కుడివైపు పెట్టడానికి అదీ ఒక కారణం. నా 68 కిలోలు దానికి ఆనలేదు. పైగా మా పడవ అడుగు బల్లపరుపుగా ఉండదు, నాగలి కర్రులా లోతైన వీ ఆకారంలో ఉంటుంది. రే హంట్ అనే డిజైనరు పేరు తెచ్చిన ఆకారం. 1960లో మయామీ నుంచి నాసావుకు జరిగిన పందెంలో, అల్లకల్లోలంగా ఉన్న సముద్రం మీద, డిక్ బెర్‌ట్రమ్ ఇలాంటి అడుగున్న 31 అడుగుల పడవతో గెలిచాడు. ఆ పడవ పేరు మోపీ. వాళ్లావిడ ముద్దుపేరు. ఈ సంగతి మా ఆవిడకు చెప్పి, మన పడవకూ నీ పేరే పెడదామా అన్నాను. "ముందు దాన్ని నిటారుగా నిలబెట్టండి, పేరు సంగతి తర్వాత" అంది.

వీ అడుగు అలలను బాగా కోస్తుంది. కానీ కత్తి అంచు మీద కూర్చున్నట్టే. ఇటు గాలి వీచినా, అటు ఒక మనిషి జరిగినా ఒరుగుతుంది.

అక్కడే మా బావమరిది పనికొచ్చాడు. మనిషి 110 కిలోలు. వెనక కుడి మూల కూర్చుంటే పడవ తక్కెడ ముల్లులా నిటారుగా నిలబడేది. రెండేళ్లపాటు ప్రతి శనివారం అతనికి ఫోన్ చేసి "ఏమయ్యా, చెరువుకెళ్దామా?" అనేవాణ్ని. ఆప్యాయత అనుకున్నాడు పాపం. అతను బిర్యానీ డబ్బా తీసుకోవడానికి ఎడమకు వంగితే పడవా వంగేది. నేను అరిచేవాణ్ని. ఒకరోజు "బావగారూ, నన్ను పిలిచేది మనిషిగానా, బస్తాగానా?" అని అడిగాడు. నేను జవాబు చెప్పడానికి పట్టిన రెండు సెకన్లలో అతనికి సంగతి అర్థమైపోయింది.

అలా ట్రిమ్ ట్యాబులు కొన్నాను.

ఇవేమిటంటే, పడవ వెనక గోడ కింద అంచున, రెండు పక్కలా తలుపు బందుల్లా బిగించే రెండు స్టీలు పలకలు. మీట నొక్కితే కిందికి దిగుతాయి. దిగిన పలక కింద పారే నీళ్లను కిందికి నెడుతుంది, నీళ్లు దాన్ని పైకి నెడతాయి. మన పాత పడవవాళ్ల మాటల్లో చెప్పాలంటే అమరం (వెనక భాగం) లేస్తుంది, అణియం (ముక్కు) దిగుతుంది. మా తాతయ్య ధాన్యం బండి ఎత్తించేటప్పుడు వెనక బస్తా ఎక్కువైతే కాడి లేచి పలుపులు ఎడ్ల గొంతులకు బిగిసేవి, ముందు ఎక్కువైతే మెడలు వంగిపోయేవి. ఆయన ఒక బస్తా జానెడు జరిపి "ఇప్పుడు తూగింది" అనేవాడు. స్పీడు బోటుకు బరువంతా వెనక ఇంజనులోనే. బయల్దేరగానే ముక్కు ఆకాశానికి లేస్తుంది, నడిపేవాడికి మేఘాలు తప్ప ఏమీ కనపడవు. అప్పుడు రెండు పలకలూ దించితే ముక్కు తొందరగా దిగి, పడవ నీళ్లమీద జారుడు అందుకుంటుంది. ఒకటే దించితే ఆ పక్క లేస్తుంది. తాతయ్య బస్తా జరిపిన పనే, చేత్తో కాకుండా మీటతో.

పడవ ఎన్ని అడుగులుంటే పక్కకు అన్ని అంగుళాల వెడల్పు పలక అని ఒక లెక్కుంది. అది మామూలు పడవలకు. వేగం పెరిగేకొద్దీ చిన్న పలకే పెద్ద పని చేస్తుంది కాబట్టి నేను చిన్నవి తీసుకున్నాను. చవక కూడా.

బిగించే రోజు పడవ ట్రైలరు మీద, నేను దాని వెనక నేలమీద. చేతిలో డ్రిల్లు. మా ఆవిడ కాఫీ తెచ్చి అడిగింది, "ఏవండీ, ఇప్పుడిది కారడం లేదు కదా?"

"లేదు."

"మరి బొక్కలెందుకు పెడుతున్నారు?"

ఇంత సూటి ప్రశ్నకు సమాధానం ఇప్పటికీ నా దగ్గర లేదు. నీళ్లలో మునిగి ఉండే చోట, మన చేత్తో మనమే, ఇరవై పైచిలుకు బొక్కలు. ఫైబర్‌గ్లాస్ వెనక ఉన్నది ప్లైవుడ్డు. ఒక్క బొక్కలోంచి చెమ్మ దూరినా లోపల చెక్క అటుకుల్లా నాని పుచ్చిపోతుంది, పైకి మాత్రం పెళ్లికొడుకులా మెరుస్తూనే ఉంటుంది. మొదటి బొక్క పెట్టేటప్పుడు చెయ్యి వణికింది. డ్రిల్లు బిట్టుకు అంటుకుని బయటికొచ్చిన చెక్క పొట్టును వేళ్లతో నలిపి చూశాను. పొడిగా, లేత పసుపు రంగులో ఉంది. ఆ పొట్టు వాసన చూసి నేను పడ్డ ఆనందం మా అబ్బాయి మార్కులు చూసినప్పుడు కూడా పడలేదు. వాడికి చెప్పకండి.

తర్వాత 5200 అనే తెల్లటి జిగురు. ప్రతి బొక్కలోనూ, ప్రతి స్క్రూకూ, పలక బందు వెనకా దట్టించాలి. పూర్తిగా గట్టిపడటానికి వారం పడుతుంది. కానీ మనిషికి అంటుకోవడానికి సెకను చాలు. డ్రిల్లుకు అంటింది, కాఫీ కప్పుకు అంటింది, నా ఎడమ కనుబొమకు అంటింది. సోమవారం ఆఫీసు మీటింగులో మా మేనేజరు నాతో మాట్లాడినంతసేపూ ఆ కనుబొమనే చూశాడు.

ఇక గొట్టాలు. లోపల చిన్న పంపు, అందులో కార్ల గేరుబాక్సులో పోసే ఎర్ర నూనె, అక్కడినుంచి ఒక్కో పలకకు ఒక గొట్టం. కంపెనీ ఇచ్చిన కాగితంలో బొమ్మ ఉంది. ఎడమ మీట నుంచి గీత కుడి పలకకు, కుడి మీట నుంచి గీత ఎడమ పలకకు, కత్తెరలా ఒకదాన్నొకటి దాటుతూ పోయాయి. చూసి నవ్వుకున్నాను. ఇరవై ఏళ్లుగా సాఫ్ట్‌వేర్‌లో ఇతరుల తప్పులు దిద్దుతున్న చేతులివి. అచ్చుతప్పు అనుకుని గొట్టాలు మార్చి, ఎడమ మీటకు ఎడమ పలక కలిపాను.

వారం తర్వాత పరీక్ష. శని, ఆదివారాల్లో లేనియర్ మీద పడవల అలలకే ప్రాణం విసుగొస్తుంది కాబట్టి బుధవారం పొద్దున్నే వెళ్లాం. సెలవు పెట్టి మరీ వచ్చాడు బావమరిది, తన ఉద్యోగం ఏ పలకలకు పోతోందో చూద్దామని. ఇంజను ఆపే స్విచ్చు తాడు నడుముకు తగిలించుకున్నాను. 26 అడుగుల లోపు పడవల్లో వేగంగా వెళ్లేటప్పుడు అది తగిలించుకోవాలని 2021 ఏప్రిల్ నుంచి ఇక్కడి చట్టం. నడిపేవాడు నీళ్లలో పడితే తాడు ఊడి ఇంజను ఆగిపోతుంది. ఎర్రగా, మెలికలు తిరిగి ఉంటుంది.

"మొలతాడా బావగారూ?" అన్నాడు.

"నోర్మూసుకుని ఎడమ పక్క కూర్చో."

కావాలనే ఎడమ పక్క కూర్చోబెట్టాను. పలకల సత్తా తెలియాలి కదా. గంటకు 30 మైళ్లకు వచ్చాం. ప్రొపెల్లరూ బావమరిదీ కలిసి పడవను ఎడమకు బాగా ఒంచారు. ముక్కు కుడి పక్క పైకి లేచి ఉంది. లేచిన పక్కను దించాలి, కాబట్టి కుడి మీట మీద "బో డౌన్" అని ఉన్న చోట నొక్కాను. పడవ ఇంకొంచెం ఎడమకు ఒరిగింది. చాలలేదేమో అని ఇంకా నొక్కాను. బావమరిది ఒక చేత్తో కడ్డీ, ఒక చేత్తో ఇడ్లీ డబ్బా పట్టుకుని, పక్కనే పరిగెడుతున్న నీళ్లను అతి దగ్గరనుంచి పరిశీలిస్తున్నాడు. "బావగారూ, ఇది నామీద కోపంతో చేస్తున్నారా?"

ఇంజను తగ్గించాను. ఇద్దరం నీళ్లమీద ఊగుతూ కాగితం తీశాం. కుడి మీట నొక్కితే ముక్కు కుడి పక్క దిగాలంటే, వెనక ఎడమ మూల లేవాలి. ఎడమ మూల లేవాలంటే దిగాల్సింది ఎడమ పలక. కత్తెర గీతలు కత్తెర గీతలుగానే ఉండాలి. నేను చేసిన దిద్దుబాటుతో కుడి పలక దిగి, అప్పటికే లేచి ఉన్న కుడి పక్కను ఇంకా లేపింది. అదే 60 మైళ్ల దగ్గర చేసి ఉంటే పడవ ముక్కు ఒక పక్క నీళ్లలో గుచ్చుకుని గిర్రున తిరిగేది. ఆ మాట మా ఇంట్లో ఇంకా చెప్పలేదు. ఇది చదివితే తెలుస్తుంది.

గొట్టాలు మార్చడానికి పది నిమిషాలు పట్టింది. ఎర్ర నూనె కొంత బావమరిది తెల్ల నిక్కరు మీద పడింది. తర్వాత కుడి మీట చిటికె వేసినంతసేపు నొక్కాను. పడవ లేచి నిటారుగా నిలబడింది. అతను కావాలని లేచి ఇటూ అటూ మారి కూర్చున్నాడు. మళ్లీ చిటికె, మళ్లీ నిటారు. అతని ముఖంలో మొదటిసారి బాధ చూశాను.

మిగతా పరీక్షలు గబగబా అయిపోయాయి. గాలి మోసం చెయ్యకుండా ప్రతి పరుగూ రెండు దిక్కులా తీశాం. ముక్కు లేచి జారుడు అందుకోవడానికి మునుపు 9 సెకన్లు పట్టేది, ఇప్పుడు 6. గరిష్ఠ వేగం పలకలు పూర్తిగా ఎత్తితే మునుపటిలాగే 61 మైళ్లు, కొంచెం దించి ఉంచితే 58. నీళ్లను నెట్టే పని ఊరికే జరగదు మరి. 35 దగ్గర పడవ కప్పలా ఎగిరెగిరి పడే జబ్బు ఒకటుండేది, అదీ రవంత దించితే పోయింది. వేగం పెరిగాక మాత్రం పలకలు పైకే ఉండాలి. వెనక్కి తీసేటప్పుడు కూడా ఎత్తాలి, లేకపోతే వంగిపోతాయి.

బావమరిది ఇప్పటికీ వస్తున్నాడు. తనకు నచ్చిన చోట, నీడ ఉన్న చోట కూర్చుంటాడు. నిక్కరు డబ్బులు ఇంకా ఇవ్వలేదు.

మీరెవరైనా ఈ పలకలు బిగించబోతుంటే ఒక్క మనవి. కాగితం మీద రెండు గీతలు కత్తెరలా దాటుకుంటూ కనిపిస్తాయి. అది అచ్చుతప్పు కాదు. అలాగే కలపండి.