పొటాషియం మామ

పెళ్లికి పోయినవాళ్లెవరైనా ముందు పెళ్లికూతురు నగలు చూస్తారు, లేదంటే బంతి ఎప్పుడు లేస్తుందా అని చూస్తారు. మామ మాత్రం మంచినీళ్ల గ్లాసు చూస్తాడు. చొక్కా జేబులో పెన్ను పక్కన పెన్నులాగానే ఉండే ఇంకో వస్తువు ఉంటుంది. దాని మూత తీసి, పక్క విస్తరి ముందున్న గ్లాసులో ముంచి, కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి అంకె చదువుతాడు. "నలభై రెండు! ఇవి నీళ్లా నాయనా? ఇందులో ఏముండాది?" ఆ గ్లాసు తాలూకు మనిషి అప్పటికే సగం తాగి ఉంటాడు. ముద్ద మింగాలో కక్కాలో తెలియక పెళ్లికొడుకు తరఫువాళ్ల వైపు అనుమానంగా చూస్తాడు.

ఆ వస్తువు టీడీఎస్ మీటరు. లీటరు నీళ్లలో ఎన్ని మిల్లీగ్రాముల లవణాలు కరిగి ఉన్నాయో చెబుతుంది. తాగునీళ్లలో అది 500 లోపు ఉండాలని భారతీయ ప్రమాణాల సంస్థ లెక్క. మరీ తక్కువైతే ఏమవుతుందన్నది మామ లెక్క: ఎముకలు గుల్లబారతాయి, పిక్కలు పట్టేస్తాయి, జీర్ణశక్తి మందగిస్తుంది. నీళ్లు శుద్ధి చేసే ఆర్వో యంత్రం కాల్షియాన్ని, మెగ్నీషియాన్ని తీసేస్తుందన్నది నిజమే. మనిషికి కావలసిన ఖనిజాల్లో ఎక్కువ భాగం నీళ్లలోంచి కాక తిండిలోంచే వస్తుందన్నదీ నిజమే. ఈ రెండో నిజం విస్తట్లో పప్పు వడ్డిస్తున్నప్పుడు చెబితే బాగుండు. మామ దృష్టి అప్పటికి రసం బకెట్టు మీదికి మళ్లింది. మీటరు మూత మళ్లీ తీయబోతుంటే వడ్డించే అబ్బాయి బకెట్టు వెనక్కి లాక్కున్నాడు.

ఇట్లాంటి మామ తిరుపతి బైరాగిపట్టెడలో ఒకరుంటారు, కొర్లగుంటలో ఒకరుంటారు, చిత్తూరు గ్రీమ్స్‌పేటలో కచ్చితంగా ఇద్దరుంటారు. ఇక్కడ చెప్పే మామ హైస్కూల్లో సైన్సు మాస్టరుగా చేసి రిటైరయ్యాడు. ఉద్యోగమున్నన్నాళ్లూ మూలకాల పట్టికను నల్లబల్ల మీద రాశాడు, ఇప్పుడు దాన్ని చుట్టాల మీద ప్రయోగిస్తున్నాడు. పిక్క పడితే మెగ్నీషియం. కన్ను అదిరితే కాల్షియం. జుట్టు రాలితే జింకు. మధ్యాహ్నం నిద్రొస్తే ఇనుము. అల్లుడు ఫోన్ ఎత్తకపోతే అది కూడా ఏదో ఒక లవణమే. వీటన్నిటికీ మూలం మాత్రం ఒకటేనని, అది కడుపేనని ఆయన వాదం.

వాదం ఆయనది కాదు, పాతది. జర్మనీలోని లైప్‌జిగ్‌లో లూయీ కూనే అనే ఆయన జబ్బులన్నీ నిజానికి ఒకటే జబ్బనీ, లోపల పేరుకున్న మలినమే దానికి కారణమనీ పుస్తకం రాశాడు. చన్నీళ్ల తొట్టిలో కూర్చుని పొత్తికడుపు రుద్దుకొమ్మన్నాడు. ఆ పుస్తకాన్ని డి. వెంకటచలపతి శర్మ 1894లోనే తెలుగు చేశాడు. హిందీ, ఉర్దూ వాళ్లకు అది అందడానికి ఇంకో పదేళ్లు పట్టింది. గాంధీ కూడా దక్షిణాఫ్రికాలో మలబద్ధకానికి పొట్ట మీద తడిమట్టి పట్టీ వేసుకున్నానని ఆత్మకథలో రాసుకున్నాడు. ఈ సంగతులన్నీ చెప్పి మామ ఒక ప్లాస్టిక్ తొట్టి కొనుక్కొచ్చాడు. కొన్నాళ్లు కూర్చున్నాడు కూడా. తర్వాత అత్త దానికి అడుగున చిల్లులు పెట్టి కరివేపాకు మొక్క నాటింది. మొక్క బాగా ఏపుగా వచ్చింది.

ఆ ఇంటి వంటగదికి యుగాలున్నాయి. మొదటిది ఉప్పు, నూనె, చక్కెర మూడూ మానేసిన మంతెన సత్యనారాయణరాజు యుగం. అప్పుడు ఇంటికొచ్చిన చుట్టాలు భోజనం వేళకు ముందే సెలవు తీసుకునేవాళ్లు. 2018 ప్రాంతంలో వీరమాచనేని రామకృష్ణ యుగం వచ్చింది. నిన్నటిదాకా నూనె చుక్క ముట్టని మనిషి కొబ్బరినూనెను కొలిచి తాగడం మొదలుపెట్టాడు. ఇల్లంతా తలంటు వాసన. ఆ తర్వాత ఖాదర్ వలీ యుగం. ఆయన మన సీమ మనిషి, ప్రొద్దుటూరు వాడు, 2023లో పద్మశ్రీ వచ్చింది. కొర్రలు, సామలు, అరికెలు, ఊదలు, అండుకొర్రలు డబ్బాలకెక్కాయి. ముగ్గురూ మూడు దారులు చూపించారు. ఏదో ఒక దారిన పోయినా మామకు మేలు జరిగి ఉండేదేమో. ఆయన పొద్దున ఒకరి మాట, మధ్యాహ్నం ఇంకొకరి మాట, రాత్రి అందరి మాటా విన్నాడు. అత్త మాత్రం ఒక్క ముక్కలో తేల్చేసింది: "ఆయన గ్యాసు తగ్గేదానికి నా సిలిండరు నెలకు ముందే అయిపోతా ఉండాది."

సంక్షోభం సంగటి దగ్గర వచ్చింది. ఖాదర్ వలీ చెప్పిన ఆ అయిదు సిరిధాన్యాల్లో రాగులు లేవు. జొన్నలు, సజ్జల మాదిరి రాగులు కూడా తటస్థ ధాన్యమట, మేలూ చెయ్యవు, కీడూ చెయ్యవు. చిత్తూరు జిల్లాలో పుట్టి, సంగటి ముద్దను ఊరిబిండిలో అద్దుకుని పెరిగిన మనిషికి ఇది చిన్న దెబ్బ కాదు. రెండు మూడు రోజులు దిగులుగా తిరిగాడు. "మా అమ్మ, మీ అమ్మ అందరూ తటస్థంగానే పెంచినారా మనల్ని?" అని అత్త నిలదీసేసరికి సైన్సు మాస్టరు మేలుకున్నాడు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పట్టికలు బయటికి తీశాడు. వంద గ్రాముల రాగుల్లో దగ్గర దగ్గర 350 మిల్లీగ్రాముల కాల్షియం. బియ్యంలో పదికి అటూ ఇటూ. ఆ రాత్రి రెండు ముద్దలు తిన్నాడు. మూడోది కూడా తినేవాడే, అత్త గిన్నె కడిగేసింది.

ఇక ఉప్పు కథ. ఇది చెప్పకుండా మామను వదిలితే పాపం తగులుతుంది.

మామ ఉప్పు ముట్టడు. పెరుగన్నంలోకి మాగాయ ముక్క వేసుకున్నవాణ్ని సిగరెట్టు తాగేవాణ్ని చూసినట్టు చూస్తాడు. కానీ పెళ్లి భోజనంలో ఓళిగలు మూడు, వాటి మీద నెయ్యి, ఆ పైన పాయసం దిగాక రాత్రికి పుల్లటి తేన్పులు మొదలవుతాయి. అప్పుడు అలమరలో వెనక వరసలోంచి ఈనో పొట్లం బయటికొస్తుంది. గ్లాసులో పొంగుతుంది, మామ కళ్లు మూసుకుని గటగటా తాగుతాడు, ఆ తర్వాత వచ్చే తేన్పు పక్కింటికి వినబడుతుంది. అయిదు గ్రాముల ఆ పొట్లంలో దగ్గర దగ్గర సగం వంటసోడానే. దాంట్లోంచి దిగే సోడియం 600 మిల్లీగ్రాముల పైమాటే. రోజు మొత్తానికి 2000 మిల్లీగ్రాములు దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఇంజినీరింగ్ చదివే మేనల్లుడు ఈ లెక్క కాగితం మీద వేసి చూపించాడు. వంటింటి గడప దగ్గర ఆపేసిన సోడియం మందుల షాపు దారిన ఇంట్లోకొస్తోంది కదా మామా అన్నాడు. మామ కాగితం తీసుకుని ఎర్రసిరా పెన్నుతో ఒక చోట సున్నా చుట్టాడు. "ఉప్పంటే సోడియం క్లోరైడు రా అబ్బోడా. ఇది సోడియం బైకార్బనేటు. ఇందులో క్లోరిన్ యాడుండాది, చూపించు?" రసాయనశాస్త్రం ప్రకారం జవాబు నూటికి నూరు పాళ్లు సరి. కాబట్టి ఎవరూ మాట్లాడలేదు.

ఇంతకీ పొటాషియం మామ అన్న పేరు ఆయనకు కొండ మెట్ల మీద వచ్చింది. అలిపిరి నుంచి 3550 మెట్లు. మామ ఎక్కినప్పుడల్లా సంచి నిండా అరటిపండ్లు తీసుకుపోతాడు. గాలిగోపురం దగ్గరో, మోకాళ్ల పర్వతం దగ్గరో పిక్క పట్టుకుని కూలబడ్డవాళ్లు కనబడితే చాలు, గోవిందా అనకముందే పండు చేతిలో పెడతాడు. "పొటాషియం నాయనా, తిను." తమిళనాడు భక్తులకు "పొట్టాసియం" అని వాళ్ల యాసలో చెబుతాడు. ఒక పండులో ఉండేది సుమారు 400 మిల్లీగ్రాములు, పెద్దవాడికి రోజుకు కావలసింది 3500. పైగా అలవాటు లేని కాళ్లు అన్ని మెట్లెక్కితే పట్టేసేది అలసటతోనే ఎక్కువ. కాసేపు కూర్చుంటే అదే తగ్గుతుంది. కూర్చోబెట్టి పండు తినిపించి నాలుగు మాటలు చెప్పేలోపు ఆ కాసేపు గడిచిపోతుంది, పేరు పొటాషియానికి వస్తుంది.

ఆ పేరు ఒకసారి ప్రమాదం దాకా తెచ్చింది. ఎదురింటి పెద్దాయనకు మూత్రపిండాలు చెడి స్విమ్స్ ఆసుపత్రిలో డయాలసిస్ చేస్తున్నారు. నీరసంగా ఉన్నాడని తెలిసి మామ రెండు లేత టెంకాయలు కొట్టించుకుని బయల్దేరాడు. ఆ ఇంటి కోడలు నర్సు. గేటు దగ్గరే చేతులడ్డం పెట్టింది. "వద్దు మాస్టారూ, ఆయనకు పొటాషియం బయటికి పోదు. రక్తంలో పెరిగితే గుండె ఆగిపోతుంది." రక్తంలో అది లీటరుకు 3.5 నుంచి 5 మిల్లీమోల్‌ల మధ్య ఉండాలని, ఆ గీత అటు దాటినా ఇటు దాటినా గుండె లయ తప్పుతుందని ఆ అమ్మాయి అక్కడే నిలబెట్టి పాఠం చెప్పింది. మామ జీవితంలో మొదటిసారి పాఠం విన్నాడు. టెంకాయలు పట్టుకుని వెనక్కి వచ్చేశాడు. మరుసటి వారానికల్లా ఎస్వీయూ మైదానంలో నడిచేవాళ్లందరికీ కిడ్నీ జబ్బులో పొటాషియం ఎంత ప్రమాదమో చెబుతున్నాడు, తానే కనిపెట్టినట్టు.

అయినా ఆయన్ను తీసిపారెయ్యడానికి లేదు. బెంగుళూరులో ఉండే అల్లుడికి రోజూ పరగడుపున గ్యాస్ మాత్ర వేసుకోవడం ఏళ్లుగా అలవాటు. మన వైపు పళ్లు తోముకోవడం, పాంటాప్రజోల్ మింగడం రెండూ ఒకే కార్యక్రమంలో భాగమైపోయాయి. అల్లుడికి రాత్రిళ్లు పిక్కలు పడుతున్నాయంటే మామ యథాప్రకారం మెగ్నీషియం అన్నాడు, ఇంట్లోవాళ్లు యథాప్రకారం నవ్వారు. రక్తపరీక్షలో నిజంగానే మెగ్నీషియం తక్కువొచ్చింది. ఈ రకం మాత్రలు ఎక్కువ కాలం వాడితే అట్లా జరగొచ్చని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2011లోనే హెచ్చరించింది. డాక్టరు మాత్ర మార్చాడు, పిక్కలు కుదుటపడ్డాయి. ఆ రిపోర్టు జిరాక్సు ఇప్పుడు లామినేషన్‌తో మామ చేతిసంచిలో ఉంది. బస్సులో పక్క సీటువాడికి కూడా చూపిస్తాడు.

ఎండాకాలంలో అయితే ఆయన వేరే మనిషి. వీధిలో ఏ పిల్లవాడికి వాంతులు, విరేచనాలు పట్టుకున్నా డాక్టరు కన్నా ముందు ఓఆర్ఎస్ పొట్లంతో చేరుకుంటాడు. కాచి చల్లార్చిన నీళ్లు లీటరు సీసాతో కొలుస్తాడు. పొట్లం మొత్తం ఒకేసారి అందులో కలపాలి, కొంచెం కొంచెం గ్లాసులో కలిపితే పాళ్లు తప్పుతాయని తల్లికి చెప్పి, ఆమె చేత మళ్లీ చెప్పిస్తాడు. చెంచాతో ఎట్లా పట్టాలో చూపిస్తాడు. 1971లో బంగాళాదేశ్ శరణార్థుల శిబిరంలో కలరా చెలరేగినప్పుడు దిలీప్ మహలనబిస్ ఇట్లాంటి ద్రావణంతోనే వేలమందిని బతికించిన కథ చెబుతాడు. ఆయనకు చనిపోయాక, 2023లో పద్మవిభూషణ్ ఇచ్చారని చెప్పేటప్పుడు గొంతు కొంచెం మారుతుంది. ఆ కథంతా అయ్యాక పొట్లం తిప్పి, పొటాషియం క్లోరైడు 1.5 గ్రాములు అని ఉన్న చోట వేలు పెడతాడు. అది లేకుండా లేచి రాలేడు.

సొంత కడుపు విషయానికొస్తే అత్త ఇటీవలే ఒక రహస్యం బయటపెట్టింది. జీలకర్ర, వాము, కరక్కాయ, నన్నారి అన్నీ అయ్యాక కూడా మంట తగ్గక మామ చడీచప్పుడు లేకుండా వేలూరు ఆసుపత్రికి పోయొచ్చాడు. చిత్తూరు జిల్లావాడు ఎన్ని వైద్యాలు నమ్మినా చివరికి ఎక్కేది వేలూరు బస్సే. 1900లో ఇడా స్కడర్ ఒక్క మంచంతో మొదలుపెట్టినప్పటి నుంచీ ఆ ఆసుపత్రితో మనవాళ్లకు రాకపోకలున్నాయి. ఎండోస్కోపీలో హెలికోబాక్టర్ పైలోరీ అనే సూక్ష్మజీవి దొరికింది. పద్నాలుగు రోజులు యాంటీబయాటిక్స్ రాశారు. మాత్రలు ఎవరి కంటా పడకుండా కరక్కాయ పొడి డబ్బాలో దాచుకుని మింగాడట.

మేనల్లుడు అడిగేస్తే మామ తొణకలేదు. బారీ మార్షల్ అనే ఆస్ట్రేలియా డాక్టరు 1984లో ఆ సూక్ష్మజీవినే గ్లాసులో కలుపుకుని తాగి, తన కడుపు మీదే నిరూపించి, 2005లో నోబెల్ కొట్టాడని చెప్పాడు. "బ్యాక్టీరియా గూడా ప్రకృతే కదరా? దాన్ని కనుక్కుని కొట్టడం ప్రకృతి వైద్యం గాక ఇంకేంది?"

పొద్దున ఆరింటికి ఎస్వీయూ మైదానంలో జేబులో రెండు పెన్నులున్న పెద్దాయన ఎదురైతే నమస్కారం పెట్టి ముందుకు సాగండి. తేన్పు వస్తే ఆపుకోండి. పండు ఇస్తే తీసుకోండి, కిడ్నీ జబ్బుంటే మాత్రం ఆ మాట ముందే చెప్పండి. ఛాతీలో మంటతో పాటు చెమటలు పట్టి ఎడమ చెయ్యి లాగుతున్నా చెప్పండి. అప్పుడు ఆయన జీలకర్ర పేరెత్తడు, స్కూటరు మీద ఎక్కించుకుని ఈసీజీ తీయించేదాకా వదలడు. దారిలో ఉపన్యాసం మాత్రం తప్పదు.