వయొలిన్లు తగిలితేనే పాటకు పెద్దరికం

పత్తిలో తేమ 8 శాతం దాటితే ఆదోని యార్డులో ధర కోస్తారు. 12 దాటితే సీసీఐ వాళ్లు బండి వెనక్కి తిప్పుకోమంటారు. అదే ఊళ్లో నాకు తెలిసిన ఒకాయన మాత్రం బూజు పట్టిన సరుక్కే ఎక్కువ ధర పెడతాడు. ఆయన కొనేది పాత రికార్డులు. ఎంత బూజు ఉంటే అంత 'ఒరిజినల్' అట.

అవీ అల్లాటప్పా రికార్డులు కావు. దొరల దేశపు రాక్ పాటల్ని పెద్ద ఆర్కెస్ట్రాలు వాయించిన ఎల్పీలు. నలుగురు కుర్రాళ్లు గిటార్లు, డ్రమ్ములు పెట్టుకుని గొంతు చించుకుంటే అది గోల. అదే పాటను సూటూ బూటూ వేసుకున్న ఓ గుంపు వయొలిన్లతో వాయిస్తే కళ. 1970ల చివర్లో లండన్ సింఫనీ ఆర్కెస్ట్రా 'క్లాసిక్ రాక్' పేరుతో ఈ దుకాణం తెరిచింది. క్వీన్ వాళ్ల 'బొహీమియన్ రాప్సొడీ'ని కూడా వదల్లేదు. అసలు పాటలోనే బోలెడంత ఆపెరా ఉంది గదా, మళ్లీ ఈ సింగారం ఎందుకని అడిగి ఆయన దగ్గర చులకనైపోయాను. నా చెవికైతే, పాటలో ఉన్న పొగరంతా పిండేసి, బట్టల కొట్లో చీరలు విప్పేటప్పుడు వెనక మోగడానికి పనికొచ్చేలా చేశారనిపించింది.

ఈ తంతు మనకు మాత్రం కొత్తా? క్యాసెట్ల కాలంలో మాస్ పాట ట్యూనుకు అయ్యప్ప పేరు తగిలిస్తే చాలు, నిన్న ఆ పాట కూనిరాగం తీసిన మనవడి చెవి మెలేసిన తాతే ఇవాళ కళ్లు మూసుకుని చేతులు జోడించేవాడు. లండన్ వాళ్లకు అయ్యప్ప లేడు, వయొలిన్లున్నాయి. దేవుడి మాటొచ్చింది గనక చెబుతున్నా, పూర్వాశ్రమంలో వీణ వాయించిన రాఘవేంద్రస్వామి 1671లోనే మంత్రాలయంలో బృందావన ప్రవేశం చేశారు, ఎడిసన్ ఫోనోగ్రాఫు 1877కు గాని రాలేదు. బతికిపోయాం. లేకపోతే మావాడు మఠం ముందు 'ఫస్ట్ ప్రెస్సింగ్' ఉందా అని దర్శనం క్యూను ఆపేసేవాడు.

మావాడు వెతుకుతూనే ఉంటాడు గానీ, వెతకడమంటే ఏమిటో చూపించినవాళ్లూ ఉన్నారు. 1969 సెప్టెంబరు 24న డీప్ పర్పుల్ బృందం రాయల్ ఆల్బర్ట్ హాల్లో రాయల్ ఫిల్‌హార్మోనిక్‌ ఆర్కెస్ట్రాతో కలిసి కచేరీ చేసింది. దానికి ఆ బృందంలోని జాన్ లార్డ్ రాసిన స్వరప్రతి మరుసటి ఏడాదే ఎక్కడో పోయింది. చాలా ఏళ్లకు మార్కో డి గోయ్ అనే డచ్ సంగీతకారుడు ఆ కచేరీ రికార్డు వింటూ, వీడియో చూస్తూ, ఏ వాయిద్యం ఎక్కడ ఏం పలికిందో చెవితో పట్టుకుని మొత్తం తిరిగి రాశాడు. 1999లో అదే హాల్లో మళ్లీ వాయించారు. ఆ కొత్త రికార్డు తెప్పించుకోరాదా అని మావాడితో అన్నాను. "అది వద్దులేప్పా, మరీ క్లియర్‌గా ఇనపడతాది" అన్నాడు.

ఆ ఎల్పీల కోసం మావాడు ఎమ్మిగనూరు నీలకంఠేశ్వర జాతరలో ఒకప్పుడు హారన్లు కట్టిన సౌండ్ సర్వీసు పెద్దాయన దగ్గరికీ పోయాడు. ట్రంకుపెట్టె నిండా నాటక పద్యాలు, సినిమా పాటలు. "ఇంగ్లీషువి పెండ్లిలో ఎవురు పెట్టమంటారు సామీ?" అని ఆ పెద్దాయన నవ్వి, పోనీ ఓ హరిశ్చంద్ర పద్యం వినిపోమని ముల్లు పెట్టబోయాడు. మావాడు గాభరాగా చెయ్యి పట్టుకున్నాడు. గీతలు పడతాయట! వందల పెళ్లిళ్లలో అరిగిన రికార్డుకు.

ఇప్పుడు మావాడి కన్ను ఇళయరాజా మీద పడింది. 1986 నాటి 'హౌ టు నేమ్ ఇట్' వద్దు, అడిగితే దొరుకుతుంది. 2025 మార్చి 8న లండన్లో వాయించిన సింఫనీ అసలే వద్దు, జనం విన్నారు. 1993లో రాయల్ ఫిల్‌హార్మోనిక్‌తో వాయించినా బయటికే రాని సింఫనీ ఒకటుంది చూడండి, అదే కావాలి. గుంతకల్లులో తన దగ్గర ఎల్పీ ఉందని చెప్పి ఒకడు అడ్వాన్సు కూడా పట్టుకుపోయాడు. కవరు మాత్రం లేదన్నాడట. మావాడి దిగులంతా ఆ కవరు గురించే.