రెండు జీబీల మొండిఘటం

సూరత్ రింగ్ రోడ్డు బట్టల బజారులో లక్షల బేరాలు నోటిమాట మీద నడిచిపోతాయి. ముందు మాల్ వెళ్తుంది, వెనకాలే బిల్లు వెళ్తుంది, డబ్బు దాని తీరిక చూసుకుని వస్తుంది. మధ్యలో దలాల్ ఇద్దరి తరఫునా ఒట్లు వేస్తూ తిరుగుతుంటాడు. మాట మీద ఇంత నమ్మకం ఉన్న ఊళ్లో రాసింది దాచుకునే పిచ్చి కూడా అంతే ఉంది. దీపావళికి చోపడా పూజ, అంటే లెక్కల పుస్తకాలకు పూజ చేస్తారు. ఇప్పుడు పుస్తకాల పక్కన ల్యాప్‌టాప్ కూడా పెట్టి, దాని మూత మీద కుంకుమతో స్వస్తిక్ వేసి, ‘శుభ్ లాభ్’ అని రాస్తారు. మా ఆఫీసు ల్యాప్‌టాప్‌కి పూజ ఏటా జరిగింది. బ్యాకప్ మాత్రం ఒకే ఒక్కసారి జరిగింది. దాని సంగతి తర్వాత చెప్తాను.

మా శేఠ్‌కి కాగితం మీద విరక్తి 2006 ఆగస్టులో పుట్టింది. ఉకాయ్ డ్యామ్ నుంచి వదిలిన నీళ్లతో తాపీ నది ఊరి మీద పడింది. వరద తీశాక గోడౌన్‌లో తడిసిన చీరల్ని ఆరేసి అయినకాడికి అమ్ముకున్నాం. చోపడాలు మాత్రం అట్టా కాగితం ఏకమై పిడకల్లా తయారయ్యాయి. అందులో ఎవడి బాకీ ఎంతో దేవుడికే తెలియాలి. శేఠ్ అప్పుడే శపథం పట్టాడు: “ఇక అన్నీ ఈమెయిల్‌లోనే. దాన్ని ఏ నది ముంచుతుందో చూస్తా!”

నదికి ఆ శ్రమ అక్కర్లేకపోయింది.

ఈమధ్య విజయవాడ వస్త్రలత నుంచి ఒక పాత పార్టీ ఫోన్ చేశారు. తెలుగు పార్టీలన్నీ నా నెత్తినే ఉంటాయి. “ఏవండీ, దుకాణం మా అబ్బాయికి అప్పజెబుతున్నాను. పాత ఖాతా తేల్చేద్దాం. రెండు శాతం తగ్గిస్తామని మీరే మెయిల్ పెట్టారు కదండీ” అన్నారు. శేఠ్‌కి చెప్తే కుర్చీలోంచి లేచాడు. “వటావా? తగ్గింపు ఇచ్చానా, నేనా? ఆ మెయిల్ తీసి చూపించు!”

పాత మెయిళ్లన్నీ అవుట్‌లుక్‌ వాడి పీఎస్టీ ఫైల్లో ఉన్నాయి. తెరవబోతే, ఫైల్లో లోపాలున్నాయి, ఇన్‌బాక్స్ రిపేర్ టూల్ వాడుకోండి అంది. ఆ టూల్ ఎక్కడుంటుందో మాత్రం చెప్పలేదు. ఈలోగా మార్కెట్లో వార్త పాకింది, వైద్యులు మూగారు. పక్క షాపు అకౌంటెంట్ కంప్యూటర్ ఆపేసి మళ్లీ వేయమన్నాడు. ఎదురు షాపాయన మొత్తం ఫార్మాట్ కొట్టేయమన్నాడు. ఆయన మాకు పోటీదారు.

అప్పుడు గుర్తొచ్చింది ఆ ఒక్కగానొక్క బ్యాకప్. అల్మారాలో వినాయకుడి క్యాలెండర్ వెనక డీవీడీ దొరికింది. దాన్ని పెట్టి తెరవబోతే అవుట్‌లుక్‌ ససేమిరా అంది. పీఎస్టీని తెరవాలంటే అందులో తనూ ఏదో ఒకటి రాసుకోవాలి దానికి, ఊరికే చదివిపెట్టడం చేతకాదు. డీవీడీ మీద రాయడం కుదరదు. పోనీ హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేద్దామంటే, గీతలు పడ్డ ఆ డీవీడీ సగం దూరం వచ్చి చతికిలబడింది.

ఇక లింబాయత్ నుంచి మనవాళ్ల కుర్రాడిని పిలిపించాను. నాయన నల్లగొండ నుంచి వచ్చి సాంచాలు, అంటే మరమగ్గాలు నడిపాడు, కొడుకు కంప్యూటర్లు బాగుచేస్తాడు. ఫైల్ సైజు చూడగానే నవ్వాడు. “కాకా, గిది పాత రకం ఫైల్. రెండు జీబీలకన్న ఎక్కువ పట్టది. మీరేమో గొంతుదాక నింపిండ్రు.”

2003 అవుట్‌లుక్‌తో కొత్త రకం పీఎస్టీ వచ్చింది, హద్దు 20 జీబీలకు పెరిగింది. 2010లో 50 అయింది. కానీ పాత ఫైల్‌ని ఎంత కొత్త అవుట్‌లుక్‌లో పెట్టినా అది పాతదే. గడువు నిండినట్టు రెండు జీబీల దగ్గర మొండికేస్తుంది. దానికి మైక్రోసాఫ్ట్ వాళ్లే ఒక మందు చేశారు. ఫైల్ కాపీ తీసుకుని, తోక దగ్గర పాతిక ఎంబీలో ఎంతో కత్తిరించి, మిగిలినదాన్ని రిపేర్ చేసుకోవాలి. ఎంత కోయాలో మనం చెప్పాలి, కోతలో ఏ మెయిల్ పోతుందో అది చెప్పదు.

శేఠ్ ఇదంతా విని ఒకటే ప్రశ్న వేశాడు: “ఆ కట్ పీస్ ఎవరికిస్తారు?” నలభై ఏళ్ల వ్యాపారంలో ఆయన కోసిన ముక్క పారేసి ఎరగడు. కుర్రాడు నా వైపు చూశాడు. నేను ఫ్యాన్ వైపు చూశాను.

కోత అయ్యాక, ఆఫీస్ ఫోల్డర్ల అట్టడుగున స్కాన్‌పీఎస్టీ అనే పేరుతో దాక్కున్న ఆ రిపేర్ టూల్‌ని కుర్రాడు పట్టుకొచ్చాడు. అది ఎనిమిది దశల్లో పనిచేస్తుంది. ఒకసారి నడిపితే తప్పులన్నీ దొరకవు, మళ్లీ మళ్లీ తిప్పాలి. ప్రతి దశకీ శేఠ్ కటింగ్ చాయ్ తెప్పించాడు. కుర్రాడు మధ్యలో ‘చాలు’ అంటే ఆయనకి అపశకునంగా తోచింది.

చివరికి ‘లాస్ట్ అండ్ ఫౌండ్’ అనే ఫోల్డర్ ప్రత్యక్షమైంది. రెండు జీబీల్లో మేం భద్రంగా దాచుకున్న సంపద అప్పుడు బయటపడింది: దీపావళి గులాబీలు, పదిమందికి పంపకపోతే నష్టపోతారన్న దేవుడి బొమ్మలు, ఒకే చీర డిజైన్ ఫొటో అందరికీ విడివిడిగా పంపిన మెయిళ్లు. వాటి మధ్యలో విజయవాడ మెయిల్ కూడా ఉంది.

శేఠ్ కళ్లజోడు తుడుచుకున్నాడు. వస్త్రలత ఆయన్ని ఫోన్లో పెట్టి గట్టిగా చదివాను: “ఫోన్‌లో అనుకున్నట్టే చేద్దాం.” అంతే. కింద కంపెనీ అడ్రసు, దాని కింద ‘ఈ మెయిల్ ప్రింట్ తీయకండి, చెట్లను కాపాడండి’ అని ఒక హితవు.

ఫోన్‌లో ఏమనుకున్నారయ్యా అంటే, ఆయన రెండు శాతం అన్నారు, శేఠ్ సున్నా అన్నాడు. దలాల్ వచ్చి ఒక శాతం దగ్గర తెగ్గొట్టాడు. ఆ ఊపులో శేఠ్ కుర్రాడి ఫీజులోనూ ఒక శాతం వటావ్ పట్టుకున్నాడు, న్యాయం అందరికీ ఒకటే కదా. “రేపు మా అబ్బాయితో పేచీ రాకుండా ఒక మెయిల్ పెట్టండి” అన్నారు విజయవాడ ఆయన. శేఠ్ చెప్పింది చెప్పినట్టు టైపు చేసి పంపాను: “ఫోన్‌లో అనుకున్నదే ఖాయం.”